రాగిరేకు మీద పగ

(కాలాలు, మనుషులు, పుస్తకాలు, గొడవ... అన్నీ నిజంగా జరిగినవే. పనిగది లోపలి దృశ్యాలను మాత్రం ఆ వృత్తి పద్ధతులను బట్టి కళ్లకు కట్టే ప్రయత్నం చేశాం.)

రోమ్ నగరం. 1757.

కోర్సో వీధిలో ఫ్రెంచ్ అకాడమీకి ఎదురుగా ఓ పనిగది. తాళ్ల మీద ఆరేసిన తడి కాగితాలు. నూనె, మైనం, సిరా కలగలిసిన వాసన. కిటికీ పక్కన బల్ల మీద పెద్ద రాగిరేకు. దాని మీద లాటిన్ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. కాగితం మీద సరిగ్గా పడాలంటే రాగి మీద తిరగేసే రాయాలి మరి.

రేకు ముందు కూర్చున్న మనిషికి ముప్ఫయ్యారేళ్లు. పేరు జొవన్నీ బట్టిస్టా పిరనేసి. ఆ అక్షరాలు రాసింది ఆయనే. ఇప్పుడు చేతిలో ఉన్నది మాత్రం రాసే సూది కాదు, మూడంచుల గీకుడు కత్తి. దాన్ని ఓ పేరు మీద ఆనించి బలంగా లాగాడు. రాగి కీచుమంది. సన్నటి పొట్టు లేచింది. మళ్లీ లాగాడు.

రాగి మీద చెరపడమంటే బడిపలక మీద చెరిపినట్టు కాదు. ఆమ్లం తినేసిన గీత ఎంత లోతుంటే అంతదాకా లోహాన్ని గీకాలి. గీకిన చోట గుంట పడుతుంది. రేకును బోర్లించి, దాగలి మీద పెట్టి, సరిగ్గా ఆ గుంట వెనకవైపు సుత్తితో తట్టి పైకి ఉబ్బించాలి. తర్వాత నున్నటి ఉక్కు పనిముట్టుతో రుద్ది మెరుగుపెట్టాలి. అప్పటికి గానీ కొత్త మాట రాయడానికి చోటు దొరకదు. క్షణికావేశంతో అయ్యే పని కాదిది. కోపాన్ని గంటల తరబడి వేడిగా ఉంచుకోగలిగినవాడే చేయగలడు.

చెరిగిపోతున్న పేరు ఓ ఐరిష్ ప్రభువుది. జేమ్స్ కాల్‌ఫీల్డ్, వైకౌంట్ ఛార్ల్‌మాంట్.

ఇది జరిగి రెండున్నర శతాబ్దాలు దాటింది. అయినా పాత రోమన్ కట్టడాల ఎచింగులు సేకరించేవాళ్లకు ఆ రేకు అచ్చున్న పుస్తకం చేతికొస్తే, ముందు అందులోని గోపురాలూ సమాధులూ చూడరు. మొదటి సంపుటం ముఖపత్రం తిప్పి, ఆ పేరు ఉందా పోయిందా అని చూస్తారు. ఆ తర్వాతే మిగతా సంగతి.

మేస్త్రీ కొడుకు

పిరనేసి 1720 అక్టోబరు 4న వెనిస్ దగ్గర పుట్టాడు. తండ్రి రాళ్లపని మేస్త్రీ. మేనమామ మత్తేయో లుక్కేసి వెనిస్ కాలువలూ కట్టలూ చూసుకునే శాఖలో ఇంజినీరు. సన్యాసం పుచ్చుకున్న సోదరుడు ఆంజెలో లాటిన్ నేర్పాడు, రోమన్ల చరిత్ర చెప్పాడు. రాయి ఎలా నిలబడుతుందో ఇంట్లో పెద్దల దగ్గర, ఆ రాళ్లు పేర్చినవాళ్లు ఎవరో సోదరుడి దగ్గర తెలుసుకున్న కుర్రవాడు 1740లో వెనిస్ రాయబారి పరివారంలో చిత్రలేఖకుడిగా రోమ్ చేరాడు.

కట్టడాలు కట్టాలని వచ్చాడు. కట్టించేవాళ్లే దొరకలేదు. జీవితాంతం తన పేరు పక్కన ‘వెనిస్ వాస్తుశిల్పి’ అని రాసుకున్న ఈ మనిషి చేతుల మీదుగా రూపుదిద్దుకున్న చర్చి ఒకే ఒక్కటి. అదైనా 1760ల్లో, అవెంటైన్ కొండ మీద, అప్పటికే ఉన్నదాన్ని తిరిగి తీర్చిదిద్దడమే. చేతినిండా పనిలేని వాస్తుశిల్పి కడుపు నింపుకోవడానికి పట్టుకున్నది ఎచింగు సూది.

రోమ్ దృశ్యాల చిత్రణలో అప్పటికే పేరున్న జుసెప్పే వాజి దగ్గర శిష్యరికం చేశాడు. ఆమ్లంతో చేసే పనిలో అసలు కిటుకు గురువు తన దగ్గరే దాచుకుంటున్నాడన్న అనుమానంతో ఆయన మీదికి కత్తి ఎత్తాడని ఓ కథ ప్రచారంలో ఉంది. నిజమో, పుట్టించిందో గానీ, పిరనేసిని ఎరిగినవాళ్లెవరూ అది నమ్మడానికి ఇబ్బంది పడలేదు. అలాంటి మనిషి.

ఇంతకీ ఆ కిటుకేమిటి? సాన పట్టిన రాగిరేకును వేడిచేసి దాని మీద మైనం, గుగ్గిలం కలిపిన పూత పూస్తారు. దీపం పొగ పట్టించి నల్లగా చేస్తారు. ఆ నలుపు మీద సూదితో బొమ్మ గీస్తే గీసినచోటల్లా పూత పోయి రాగి మెరుస్తుంది. రేకుకు నత్రికామ్లం తగిలిస్తే, పూత ఉన్నచోటును వదిలి మెరిసే గీతలను మాత్రమే తింటుంది. దూరంగా ఉన్న కొండకు కాసేపు చాలు. ఆ గీతల మీద లక్క పూసి మూసేసి, దగ్గరున్న స్తంభం నీడకు మళ్లీ ఆమ్లం పట్టించాలి. ఇంకా నల్లగా కావాలంటే మళ్లీ. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నదే విద్యంతా. పిరనేసి ఒకే రేకును పదేపదే ఆమ్లానికి అప్పగించాడు. అందుకే ఆయన బొమ్మల్లో ఆకాశం వెండిలా ఉంటుంది, కమానుల కింది చీకట్లో చెయ్యి పెడితే మునిగిపోతుందేమో అనిపిస్తుంది.

ఆవుల బయలు

ఆ రోజుల రోమ్ ఇప్పటి రోమ్ కాదు. ఒకప్పుడు సామ్రాజ్యానికి గుండెకాయలాంటి ఫోరమ్ అప్పటికి ‘కాంపో వక్కీనో’, అంటే ఆవుల బయలు. శతాబ్దాల మట్టి పేరుకుని సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం సగందాకా భూమిలో కూరుకుపోయి ఉండేది. స్తంభాల నీడన పశువులు నెమరువేసేవి. పాలరాయిని కాల్చి సున్నం చేసే బట్టీలు అంతకుముందే ఎన్నో కట్టడాలను మింగేశాయి.

పిరనేసి ఆ బయళ్లలో తిరిగాడు. పొదలు నరికించి, దివిటీ పట్టుకుని సమాధి గదుల్లోకి దిగి కొలతలు తీసుకున్నాడు. వంటకు పొద్దు దండగని ఒక్కసారి వండించుకున్న అన్నాన్నే రోజుల తరబడి చల్లగా తిని పనిచేసుకునేవాడని చెబుతారు. చద్దన్నం మహిమ మనకు తెలియనిదా!

పెళ్లి కూడా ఆ బయల్లోనే కుదిరిందని 1799లో ఆయన జీవితకథ రాసిన ఫ్రెంచ్ వాస్తుశిల్పి లెగ్రాండ్ చెప్పాడు. ఓ ఆదివారం ఫోరమ్‌లో కూర్చుని బొమ్మ వేసుకుంటుంటే ఓ అమ్మాయి అటుగా వచ్చిందట. కొర్సీని యువరాజు తోటమాలి కూతురు ఆంజెలా పాస్క్వీని. రోమన్ మూలాలున్న ముఖమని మురిసిపోయి, పెళ్లయిందా అని అడిగి, కాలేదనగానే నన్ను చేసుకుంటావా అన్నాడట. రోజుల్లోనే పెళ్లి అయిపోయింది. ఆమె తెచ్చిన కట్నం డబ్బు రాగిరేకుల కిందికి మారింది.

అలాంటి రాగిరేకుల మీద పుట్టినవే ‘వెదూతె ది రోమా’, అంటే రోమ్ దృశ్యాలు. 1740ల చివర మొదలైన ఆ వరస ఆయన చనిపోయేదాకా ఆగలేదు. మొత్తం 135 రేకులు. ఒక్కోటీ అడుగున్నరకు అటూఇటూ ఎత్తు, రెండడుగుల దాకా వెడల్పు. కొలోసియం, పాంథియన్, జలవాహిక కమానులు, అప్పియన్ బాట పక్క సమాధులు.

కొనేవాళ్లకు కొదవలేదు. ఇంగ్లండు, ఐర్లండు, ఫ్రాన్స్, జర్మన్ రాజ్యాల పెద్దింటి కుర్రాళ్లు చదువు ముగియగానే ‘గ్రాండ్ టూర్’ పేరుతో ఇటలీ తిరిగేవారు. కాశీకి వెళ్లినవాళ్లు గంగచెంబుతో వచ్చినట్టు, రోమ్ వెళ్లినవాళ్లు పిరనేసి బొమ్మలతో తిరిగి వెళ్లేవారు. ధర రెండు పాఓలీలు, తర్వాత రెండున్నర. పది పాఓలీలు ఒక స్కూదో. అంటే స్కూదోలో నాలుగో వంతుకు రోమ్‌లో ఓ కట్టడం మీ సొంతం. ఆ ధర, దుకాణం చిరునామా కూడా బొమ్మ అడుగున రాగి మీదే చెక్కేవాడు. వెల మార్చాలన్నా, ఇల్లు మారినా రేకు గీకాల్సిందే. ఈ చిన్న సంగతిని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కృతిపతి కోసం

బొమ్మలు అమ్ముకుని బతకడం ఒక ఎత్తు. పిరనేసి తలపెట్టిన పెద్ద పని వేరే. రోమన్లు ఎలా కట్టారో చూపించే పుస్తకం. మొదట అనుకున్నది ప్రాచీన సమాధి గదుల గురించి ఓ సంపుటం. తవ్వేకొద్దీ నీళ్లు ఊరినట్టు అది పెరిగింది. నగరపు గోడలు, జలవాహికలు, వంతెనలు, సమాధులు, హేడ్రియన్ సమాధి పునాదులు అన్నీ వచ్చి చేరాయి. పాలరాతి మీద చెక్కిన ప్రాచీన రోమ్ పటం ముక్కలు అప్పట్లో కాపిటోలిన్ మ్యూజియంలో ఉండేవి. నగర పటం గీసి, ఆ విరిగిన ముక్కల బొమ్మలను దాని చుట్టూ పేర్చాడు. సిసిలియా మెతెల్లా సమాధికి బండలను పైకెత్తిన తీరును, పనిముట్లతో సహా విడమర్చి చూపాడు. అక్కడ మాట్లాడింది మేస్త్రీ కొడుకే.

నాలుగు సంపుటాలు. దాదాపు 250 రేకులు. ‘లె అంతికితా రొమానె’, రోమన్ల ప్రాచీన నిర్మాణాలు. ఇంత రాగికి, కాగితానికి, ముద్రణకు డబ్బెక్కడిది?

తెలుగువాళ్లకు కృతిపతి అంటే ఎవరో చెప్పక్కర్లేదు. కవి కావ్యం రాస్తాడు, రాజు అంకితం పుచ్చుకుంటాడు, అగ్రహారమో కనకాభిషేకమో ఇస్తాడు. యూరప్‌లోనూ అదే లెక్క. పిరనేసికి కనబడిన కృతిపతి ఛార్ల్‌మాంట్. 1728లో పుట్టాడు, పిరనేసి కంటే చిన్నవాడు. గ్రీసు, ఈజిప్టు దాకా తిరిగొచ్చినవాడు. ప్రాచీన కళంటే ప్రాణం. రోమ్‌లో బ్రిటిష్ చిత్రకారుల కోసం ఓ అకాడమీ నెలకొల్పడానికి చేయి కలిపినవాడు. ఇంతకంటే తగినవాడు దొరుకుతాడా?

మాట కుదిరింది. ప్రభువు ఊరు విడిచి ఇంటిదారి పట్టాడు. పుస్తకం మాత్రం ఒకటి నుంచి నాలుగుకు పెరుగుతూ పోయింది. పిరనేసి ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. రోమ్‌లో ప్రభువు తరఫున వ్యవహారాలు చూసేవాళ్లను అడిగాడు. వాళ్ల నుంచి దాటవేతలే తప్ప తేలిన మాట రాలేదని ఆయన ఫిర్యాదు. ఒక సంపుటానికి ఒప్పుకున్న ప్రభువు నాలుగు సంపుటాల భారం మోయాలా అన్నది అవతలి పక్షం వైపు నుంచి చూస్తే సబబైన ప్రశ్నే. కానీ ఆ మాటైనా ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి ఉంటే గొడవ ఇంత దూరం వచ్చేది కాదేమో. పిరనేసిని మండించింది డబ్బు రాకపోవడం కంటే ఆ మౌనం.

1756లో నాలుగు సంపుటాలూ వెలువడ్డాయి. మొదటి సంపుటం తెరవగానే ఓ మహా శిలాఫలకం. దాని మీద రోమన్ శాసనం తీరులో పెద్దక్షరాలు. అందులో ఛార్ల్‌మాంట్ పేరు. మాటకు కట్టుబడి అంకితం ఇచ్చేశాడు. ఇక ప్రభువు వంతు.

ఆ ఏడాది ఆగస్టులో ఇంకో ఉత్తరం. 1757 ఫిబ్రవరిలో మరొకటి. డబ్లిన్ వైపు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు తీశాడు గీకుడు కత్తి.

ఇచ్చి లాక్కున్న అంకితం

పోతన భాగవతాన్ని రాజుకు ఇవ్వనన్న కథ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ఇవ్వనని చెప్పడం వేరు. ఇచ్చి, అచ్చేసి, లోకానికి పంచి, ఆపైన వెనక్కి లాక్కోవడం వేరు. రెండోదానికి ఇంకో రకం గుండె కావాలి.

పిరనేసి ఆ ఫలకం మీద ప్రభువు పేరు తీసేసి కొత్త మాటలు చెక్కాడు. ఇప్పుడా పుస్తకం ఏ ఒక్క దొరదీ కాదు. తన కాలానికి, రాబోయే తరాలకు, ప్రజల ఉపయోగానికి అని దాని సారాంశం. జనమే కృతిపతి అయ్యారన్నమాట.

అక్కడితో ఆగితే పిరనేసి ఎందుకవుతాడు? తన ఉత్తరాలన్నీ కలిపి 1757లో ఓ చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. ఛార్ల్‌మాంట్‌కు, ఆయన మనుషులకు రాసిన సమర్థన లేఖలు. అందులో ఆయన వాదన సూటిగా ఉంటుంది. పెద్దింటివాడు తన వంశం పేరు మోసేవాళ్లలో ఆఖరివాడు. కళాకారుడు తన పేరు మోసేవాళ్లలో మొదటివాడు. పూర్వీకుల పరువు ప్రభువుకు ఎంత ముఖ్యమో, రాబోయేవాళ్ల ముందు తన పరువు తనకూ అంతే ముఖ్యం. తోటమాలి అల్లుడు, మేస్త్రీ కొడుకు ఓ ప్రభువుతో సమంగా నిలబడి అన్న మాట అది, ఫ్రెంచ్ విప్లవానికి మూడు దశాబ్దాల ముందు.

ఆ చిన్న పుస్తకంలో ఆయన చేసిన మరో పని చూడండి. తాను చెరిపేసిన ముఖపత్రాలు ముందు ఎలా ఉండేవో చూపడానికి, అంకితంతో సహా వాటిని చిన్నవిగా మళ్లీ రాగి మీద చెక్కి అందులో కలిపాడు. తగువులో దస్తావేజు చూపించినట్టు. ఏ పేరును రేకు మీంచి గీకేశాడో ఆ పేరునే ఇంకో రేకు మీద స్వయంగా రాసుకున్నాడు.

విచిత్రంగా, అదే 1757లో లండన్‌లోని పురావస్తు సంఘం ఆయన్ను గౌరవ సభ్యుడిగా ఎన్నుకుంది. ఓ దొర ముఖం తిప్పుకున్న వేళ, ఆ దొరల లోకమే పిలిచి పీట వేసింది.

స్నేహితులకు మాత్రం ఆ పుస్తకంలో చోటు చెక్కుచెదరలేదు. రెండో సంపుటం ముఖచిత్రంలో అప్పియన్ బాట పక్క ఊహా సమాధుల గుంపు ఉంటుంది. వాటిలో స్కాట్లండ్ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ పేరు, చిత్రకారుడు ఆలన్ రామ్సే పేరు సమాధి ఫలకాల మీద చెక్కి ఉన్నాయి. ఇద్దరూ అప్పటికి నిక్షేపంగా బతికే ఉన్నారు. బతికుండగానే సమాధి కట్టడం మనకు అపశకునం. పిరనేసి దగ్గర అది అన్నిటికంటే పెద్ద సన్మానం.

నాలుగో వరస

పేరు చెరపడం పిరనేసికి ఎవరు నేర్పారు? రోమే నేర్పింది.

ఆవుల బయల్లో సగం పూడిపోయిన సెప్టిమియస్ సెవెరస్ తోరణాన్ని క్రీ.శ. 203లో కట్టారు. చక్రవర్తికి, ఆయన కొడుకులు కరకల్లా, గేతాలకు అది అంకితం. తండ్రి పోయాక 211లో కరకల్లా తమ్ముణ్ని చంపించాడు. గేతా పేరు ఎక్కడ కనబడినా తీసేయమన్నాడు. తోరణం మీది శాసనంలో నాలుగో వరసను ఉలితో చెక్కేసి, దాని చోట ప్రభువులను పొగిడే మాటలు పెట్టారు. పాత కంచు అక్షరాలను బిగించిన కన్నాలు మాత్రం రాతిలో అలాగే మిగిలాయి. వాటిని కలుపుకుంటూ పోయి పండితులు ఇప్పటికీ గేతా పేరు చదువుతారు.

పిరనేసి ఆ తోరణాన్ని ఎన్నిసార్లు గీశాడో. రాతి మీద రాజు చేసిన పనినే రాగి మీద కళాకారుడు చేశాడు. తేడా ఒక్కటే. అక్కడ చెరిపినవాడు కత్తి ఉన్నవాడు. ఇక్కడ చెరిపినవాడికి ఉన్నది సూది.

వెలుతురుకు పట్టి చూస్తే

రాగిరేకు పిరనేసి చేతిలో ఉంది కాబట్టి గీకగలిగాడు. గీకకముందు అచ్చయి ఇల్లు దాటిపోయిన కాగితాలను మాత్రం ఏం చేయగలడు? పేరున్న ఆ కొద్ది ప్రతులు ఎవరి గ్రంథాలయాలకో చేరిపోయాయి. ఈరోజు సేకరించేవాళ్లకు అవి అపురూపం.

ఎచింగుల సేకరణ కిటుకంతా ఇక్కడే ఉంది. తైలవర్ణ చిత్రం ఒక్కటే ఉంటుంది. ఎచింగుకు వందల ప్రతులు. కానీ రేకు అరుగుతూ, మారుతూ, చెరుగుతూ పోతుంది కనుక ఏ ప్రతి ఆ క్షణానిదే. ఒక్కో మార్పును ఒక్కో ‘స్థితి’గా లెక్కిస్తారు. పిరనేసి రోమ్ దృశ్యాలకు ఈ స్థితుల జాబితా కట్టింది బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి ఆర్థర్ హైండ్. 1922లో వచ్చిన ఆ పుస్తకం ఇప్పటికీ ఈ రంగంలో పంచాంగం లాంటిది.

చేయి తిరిగినవాళ్లు కాగితం చేతికి రాగానే ముందు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటారు. కాగితం తయారీలోనే పడిన నీటిగుర్తు అప్పుడు కనిపిస్తుంది. జంట వలయాల లోపల లిల్లీ పువ్వు గుర్తు ఉంటే ఆశ పుడుతుంది. పిరనేసి కాలపు రోమన్ కాగితంలో తరచు కనిపించే గుర్తు అది. తర్వాత వేలితో బొమ్మ చుట్టూ తడుముతారు. యంత్రపు ఒత్తిడికి రాగి అంచు కాగితంలో దిగి పల్లం చేస్తుంది. అది లేకపోతే అనుమానించాలి. భూతద్దం పెట్టినప్పుడు సిరా గీతలకు బదులు సన్నటి చుక్కల గుంపు కనిపిస్తే ఇక చూడనక్కర్లేదు. అది ఆఫ్‌సెట్ నకలు.

ఆ తర్వాత కళ్లు బొమ్మ అడుగుకు దిగుతాయి. ధర, చిరునామా చెప్పానే, అవి. 1761లో పిరనేసి త్రినితా దెయి మోంతి చర్చి దగ్గర పలాత్సో తొమాతి భవనానికి మారి సొంత ముద్రణాలయం పెట్టాడు. స్ట్రాదా ఫెలీచే వీధి చిరునామా ఉంటే ఆ తర్వాతి ప్రతి అన్నమాట. అసలు చిరునామాయే లేకపోతే ఇంకా ముందుదో, మరీ వెనకదో అయి ఉండాలి. ముందుదైతే గీతలు సన్నగా, వెండి రంగులో ఉంటాయి. వెనకదైతే అరిగిన గీతలకు మళ్లీ ఆమ్లం పట్టించి ముదర కొట్టిన నలుపు.

ఒక్కోసారి అచ్చుతప్పే ఆనవాలు. ఆయన ఊహా చెరసాలల బొమ్మల సంపుటి మొదటి ముద్రణలో పుస్తక వ్యాపారి బూషార్ పేరు ‘బుజార్డ్’ అని పడింది. తర్వాత దిద్దారు. తప్పున్న కాగితం దొరికినవాడు పండగ చేసుకుంటాడు. సరిచేసినది దొరికినవాడు ఓ నిట్టూర్పు విడిచి దాన్నీ దాచుకుంటాడు.

రేకులు కూడా మనుషుల్లా దేశాలు తిరిగాయి. 1778 నవంబరు 9న పిరనేసి కన్నుమూశాక కొడుకు ఫ్రాంచెస్కో పని కొనసాగించాడు. అతనికి ఫ్రెంచ్ విప్లవ గాలి సోకింది. 1798లో రోమ్‌లో పుట్టిన రిపబ్లిక్ పక్షాన నిలబడ్డాడు. మరుసటి ఏడాది అది కూలాక పారిస్ చేరాడు, రేకులూ అక్కడికే చేరాయి. 1800 నుంచి అక్కడ మళ్లీ ముద్రించారు. బొమ్మల మీద వరస అంకెలు కనిపిస్తే పారిస్ ముద్రణ అని గుర్తుపట్టేది అందుకే. ఫ్రాంచెస్కో 1810లో పోయాక రేకులు ఫర్మాన్ దిదో ముద్రణ సంస్థకు వెళ్లాయి. 1839లో పోప్ ప్రభుత్వం కొని రోమ్‌కు తిరిగి తెచ్చింది. ఇప్పుడు వెయ్యికి పైగా రేకులు త్రేవి ఫౌంటెన్ పక్కనే ఉన్న ప్రభుత్వ ముద్రణకళా సంస్థలో భద్రంగా ఉన్నాయి. రోమ్‌లో తర్వాతి కాలంలో తీసిన ప్రతుల మార్జిన్‌లో సిరా లేని పొడిముద్ర కనిపిస్తుంది. తక్కువ ధరకు దొరికే పిరనేసి చాలావరకు అదే. అదీ అసలు రేకు నుంచి తీసిందే. కాకపోతే ముసలితనంలో తీసిన ఫొటో.

అటకెక్కిన పాత సంపుటాలను విప్పి, ఒక్కో బొమ్మనూ విడిగా చట్రం కట్టి అమ్మే వ్యాపారమూ చాలాకాలంగా ఉంది. బొమ్మ నడిమధ్యన నిలువు మడత కనిపిస్తే ఒకప్పుడది ఓ పుస్తకంలో కాపురం చేసిందని అర్థం. ఇలా విప్పేటప్పుడు అందమైన కొలోసియం గోడకెక్కుతుంది. ముఖపత్రం, అక్షరాల పేజీలు చెల్లాచెదురవుతాయి. అంకితం గొడవకు సాక్ష్యాలు అవే.

నాలుగు కాగితాలు

ఛార్ల్‌మాంట్ చెడ్డవాడేం కాదు. డబ్లిన్ దగ్గర మరీనోలో ఆయన కట్టించిన చిన్న విహారభవనాన్ని చూడటానికి ఇప్పటికీ జనం వెళ్తారు. 1785లో రాయల్ ఐరిష్ అకాడమీకి మొదటి అధ్యక్షుడు ఆయనే. అయినా ప్రింట్ల లోకంలో ఆయన పేరెత్తితే మొదట గుర్తొచ్చేది ఓ గీకేసిన ఫలకం.

ఇక 1778కి ఒక్కసారి వెనక్కి వెళ్దాం. పిరనేసికి అదే ఆఖరి ఏడాది. ఆరోగ్యం బాగోలేకపోయినా దక్షిణాన పెస్తుం గ్రీకు ఆలయాలు చూసొచ్చి ఆ బొమ్మల మీద పనిచేస్తున్నాడు. మే నెలలో లండన్ నుంచి ఓ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు రోమ్‌లో దిగాడు. జాన్ సోన్. ఇటుకలు పేర్చే మేస్త్రీ కొడుకు. రాయల్ అకాడమీ ఇచ్చిన ప్రయాణ వేతనం తప్ప చేతిలో పెద్దగా ఏమీ లేదు. అంకితం కొనుక్కునే స్తోమత అసలే లేదు.

పిరనేసి ఆ కుర్రాడికి నాలుగు కాగితాలు ఇచ్చాడు. పాంథియన్. కాన్‌స్టంటైన్ తోరణం. సిసిలియా మెతెల్లా సమాధి. నాలుగోది, గేతా పేరు చెక్కేసిన ఆ సెప్టిమియస్ సెవెరస్ తోరణం.

సోన్ తర్వాత బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాస్తుశిల్పి అయ్యాడు. సర్ అయ్యాడు. 1817లో పిరనేసి స్వయంగా గీసిన పెస్తుం బొమ్మలు పదిహేను కొని, లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లోని తన ఇంట్లో తలుపుల్లా తెరుచుకునే గోడలకు తగిలించాడు. 1833లో పార్లమెంటు చట్టం చేయించి ఇల్లంతా జనానికి రాసిచ్చాడు. ఇప్పుడది మ్యూజియం. టికెట్ లేదు.

తన కాలానికి, రాబోయే తరాలకు, ప్రజల ఉపయోగానికి అని పిరనేసి రాగి మీద రాసుకున్న మాటను ఆ ఇల్లు తలుపులు తెరిచి మరీ పాటిస్తోంది.